సున్నా అరిగిన స్కేలు

(ఫిట్టర్ ట్రేడు మాస్టారి స్మారకోపన్యాసం, ముద్రణ పాఠం)

 

ఈ బల్ల మీదున్న ఆరంగుళాల స్టీలు స్కేలు మాస్టారిది. వాళ్ల అమ్మాయిగారిని అడిగి తెప్పించాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఇది ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కనే ఉండేది. దగ్గరికొచ్చి చూడండి. ఎడమ అంచు అరిగిపోయి గుండ్రంగా తిరిగింది. సున్నా గీత ఉండాల్సిన చోట మెరుపు తప్ప ఏమీ లేదు. ఇనుము మీద ఆనించి ఆనించి అలా అయింది. ఆయన దగ్గర కొత్త స్కేళ్లు లేక కాదు, బీరువా నిండా ఉండేవి. కానీ చేరిన మొదటి వారంలో పిల్లల చేతికి మాత్రం ఇదే ఇచ్చేవారు.

1978లో నా చేతికీ ఇదే ఇచ్చారు. ఒక ఫ్లాటు ముక్క ఇచ్చి, యాభై మిల్లీమీటర్లకు గుర్తు పెట్టి హాక్సాతో కోసుకు రమ్మన్నారు. "అంచు అరిగిపోయింది, పది గీత దగ్గర మొదలుపెట్టు నాయనా" అని కూడా చెప్పారు. నేను పది దగ్గర ముక్క అంచు ఆనించాను. యాభై దగ్గర స్క్రైబరుతో గీత గీశాను. చెమటలు కారుతుండగా కోసి, అంచులు ఆకురాయితో రాసి, తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన వెర్నియరు పెట్టి చూశారు. నలభై వచ్చింది. కోప్పడలేదు. "పదో తరగతి లెక్కల్లో ఎన్నొచ్చాయిరా?" అని అడిగారు. "డెబ్బై రెండు సార్" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను బెంచీ దగ్గరికి పిలిచి, స్కేలు మీద రెండు వేళ్లు ఆనించి చూపించారు. "కొలతంటే చివర కనబడే అంకె కాదురా. ఇక్కణ్ణుంచి ఇక్కడికి ఉన్న దూరం." ఆ సాయంత్రం నుంచి మూడు వారాల పాటు, షాపు మూసేశాక, నాకూ నాలాంటి మరో ఆరుగురికీ మూడో తరగతి లెక్కల దగ్గర్నుంచి మళ్లీ చెప్పుకొచ్చారు.

ఇది మా ఏడుగురి కథే అనుకుని ఇన్నేళ్లూ గడిపాను. 2024 జనవరిలో ప్రథమ్ సంస్థ వాళ్లు 2023 సంవత్సరానికి వెలువరించిన అసర్ నివేదిక చూసేదాకా. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని, 26 రాష్ట్రాల్లో 28 జిల్లాల పల్లెల్లో, 34,745 మందిని కలిసి తయారుచేసిన నివేదిక అది. అందులో ఒక పరీక్ష ఉంది. ఒక వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెట్టి పొడవెంతో చెప్పమన్నారు. నూటికి 85 మంది సరిగ్గా చెప్పారు. ఆ వస్తువును సున్నా దగ్గర కాకుండా కాస్త పక్కకు జరిపి పెట్టి మళ్లీ అడిగారు. నూటికి 39 మందే చెప్పారు.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నలభై అయిదేళ్ల కిందట మాస్టారు అరిగిన స్కేలుతో పెట్టిన పరీక్ష అదే. ఈ దేశం అందులో తప్పిందని అక్కడ రాసి ఉంది. అదే నివేదికలో ఇంకో రెండు మాటలున్నాయి. ఆ వయసు పిల్లల్లో సుమారు నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేరు. మూడంకెల సంఖ్యను ఒక్క అంకెతో భాగించగలిగినవాళ్లు సగం కంటే తక్కువ, 43 శాతం. వీళ్లలో అత్యధికులు బడికో కాలేజీకో వెళ్తున్నవాళ్లే. రేపోమాపో మన దగ్గరికి ఫిట్టర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, వెల్డర్లుగా వచ్చేది వీళ్లే.

దేశంలో పనితనం తెలిసినవాళ్లు దొరకడం లేదని పరిశ్రమలవాళ్లు అంటారు. ప్రభుత్వం శిక్షణ కేంద్రాలు పెంచుతామంటుంది. కుర్రాళ్లేమో సర్టిఫికెట్లు చేతిలో పట్టుకుని పని దొరకడం లేదంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. కానీ ముగ్గురూ శిక్షణ గురించే మాట్లాడుతున్నారు. నా అనుభవంలో పనివాడు తయారయ్యేది శిక్షణ కేంద్రంలో కాదు. వాడు సగానికి పైగా మూడో తరగతికీ అయిదో తరగతికీ మధ్య తయారైపోతాడు. మిగతా సగమే మన చేతికి వస్తుంది.

ఎందుకంటున్నానో మన షాపులోంచే చూపిస్తాను. పది మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకు మర కొట్టాలి. దాని పిచ్, అంటే ఒక మరచుట్టుకూ తర్వాతి చుట్టుకూ ఉన్న దూరం, 1.5. ముందు ఎంత డ్రిల్లు వెయ్యాలి? పదిలోంచి ఒకటిన్నర తీసేస్తే ఎనిమిదిన్నర. ఎనిమిది డ్రిల్లు వేసినవాడి చేతిలో మర కోసే ట్యాపు రంధ్రంలో పట్టుకుని విరిగిపోతుంది. విరిగిన ట్యాపు బయటికి తియ్యడం ఎంత నరకమో ఇక్కడున్న ఫిట్టర్లందరికీ తెలుసు. తొమ్మిది వేసినవాడి మర పైకి బాగానే కనబడుతుంది. బోల్టు కూడా ఎక్కుతుంది. ఏదో ఒకరోజు బరువు పడ్డప్పుడు జారిపోతుంది. దశాంశాలు తెలియని పిల్లవాడికి ఈ సూత్రం ఎన్నిసార్లు చెప్పినా అది పట్టిక కిందే మిగులుతుంది. పదికి ఎనిమిదిన్నర అని బట్టీ పడతాడు. పన్నెండు వస్తే నిలబడిపోతాడు. దాని పిచ్ 1.75, డ్రిల్లు పదింపావు. తీసివేత వచ్చినవాడికి ఇది కొత్త పాఠమే కాదు.

వెర్నియరు సంగతీ అంతే. మెయిన్ స్కేలు మీద 49 మిల్లీమీటర్ల దూరాన్ని కింద 50 భాగాలు చేస్తారు. పైన ఒక గీతకూ కింద ఒక గీతకూ తేడా 0.02. ఆ వాక్యం వెనక భాగహారం ఉంది, భిన్నం ఉంది, తీసివేత ఉంది. మూడూ అయిదో తరగతిలో అయిపోవాల్సినవి. 2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో భాగహారం చెయ్యగలిగినవాళ్లు 30.7 శాతం. అంటే ఈ వాక్యం అర్థమయ్యే పునాది నూటికి డెబ్బై మందికి అయిదో తరగతి దాటేనాటికి పడలేదు. తర్వాత ఎవరైనా వెనక్కి వెళ్లి ఆ పునాది వేస్తారా అంటే, ఆరో తరగతి టీచరుకు ఆరో తరగతి పుస్తకమే ముగించే తీరిక ఉండదు.

ఇల్లు కట్టే మేస్త్రిని చూడండి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల మట్టంగా ఉందో లేదో ఎలా చూస్తాడు? ఒక తాడు మీద మూడడుగులు, రెండో తాడు మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు వేస్తాడు. సరిగ్గా అయిదడుగులు వచ్చిందంటే మూల కుదిరినట్టే. బడి మొహం చూడని మేస్త్రులు కూడా తరాలుగా ఇలాగే చేస్తున్నారు. ఈ లెక్కే పైథాగరస్ సిద్ధాంతం పేరుతో పదో తరగతి పుస్తకంలో ఉంది. దాన్ని రుజువుతో సహా రాసి మార్కులు తెచ్చుకున్న కుర్రాణ్ణి ఒకసారి మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర నిలబెట్టి, ఆ తాళ్లు చూపించి ఏం జరుగుతోందని అడిగాను. తెలియదన్నాడు. మేస్త్రిని అడిగితే మూడూ నాలుగూ అయిదూ తెలుసు గానీ గది కొలతలు పెరిగితే ఆరూ ఎనిమిదీ పదీ ఎందుకు కుదురుతుందో తెలియదన్నాడు. ఒకడి దగ్గర రుజువుంది, ఇంకొకడి దగ్గర తాడుంది. ఇద్దరూ రెండు గజాల దూరంలో నిలబడి ఉన్నారు. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

లెక్కల మాటే కాదు. పనివాడికి చదవడం కూడా రావాలి. డ్రాయింగు మూలన ఉన్న చిన్న అక్షరాల నోటు, యంత్రం మీద అంటించిన హెచ్చరిక, రసాయనం డబ్బా మీద ఏది దేంతో కలపకూడదో రాసి ఉన్న మాట, ఇవన్నీ చదువుకోవాలి. తెలుగే తడబడుతూ చదివేవాడు ఇంగ్లీషు మాన్యువల్ దగ్గరికి వెళ్లనే వెళ్లడు. పక్కవాణ్ణి అడుగుతాడు. పక్కవాడికి ఏది తెలిస్తే అంతవరకే ఇతని పనితనం ఎదుగుతుంది.

ఫిట్టర్ ట్రేడు రెండేళ్లు. అందులో మొదటి ఆరేడు నెలలు మాస్టారు నిజానికి ప్రాథమిక పాఠశాల నడిపేవారు. బయట బోర్డు మీద మాత్రం వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ అని ఉండేది. నేను కూడా శిక్షణాధికారినయ్యాక అదే చేశాను. అలా చెయ్యని చోట్ల ఏమవుతుందో కూడా చూశాను. పిల్లవాడు ఆకురాయి పట్టడం, రంపం కోత, వెల్డింగు పూస అన్నీ చేతికి అలవాటు చేసుకుంటాడు. చేతులు బాగా తిరుగుతాయి. కానీ కొలత మారినప్పుడు, లోహం మారినప్పుడు, యంత్రం మారినప్పుడు మళ్లీ మొదటికొస్తాడు. చేతికి వచ్చిన పని ఆ ఒక్క పనితోనే ఆగిపోతుంది. కొత్త పనికి మారగలగడానికి కావలసింది బడిలో వచ్చే సామర్థ్యమే.

2015లో కేంద్రం ప్రకటించిన నైపుణ్యాభివృద్ధి విధానంలో ఒక పోలిక ఉంది. పనివాళ్లలో పద్ధతిగా శిక్షణ పొందినవాళ్లు దక్షిణ కొరియాలో 96 శాతం, జపాన్‌లో 80, జర్మనీలో 75, మన దేశంలో అయిదు శాతం లోపు అని. ఈ అంకెలు ఎన్ని సభల్లో విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిచోటా ఒకటే ముగింపు: మనం కూడా శిక్షణ కేంద్రాలు తెరవాలి. ఇక్కడే మనం చివరి అంకె మాత్రం చదువుతున్నాం. కొరియావాళ్లు ఏ గీత దగ్గర మొదలుపెట్టారో చూడటం లేదు.

1945లో జపాన్ పాలన ముగిసేనాటికి కొరియాలో పెద్దవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా చదువు రానివాళ్లే. ఆ తర్వాత యుద్ధం వచ్చి దేశం నేలమట్టమైంది. 1954లో వాళ్లు ఆరేళ్ల నిర్బంధ విద్య ప్రణాళిక పెట్టుకున్నారు. ఒక్కో గదిలో అరవై డెబ్బై మంది, పూటకో బ్యాచి చొప్పున చదివారు. 1959 నాటికి ప్రాథమిక బడి వయసు పిల్లల్లో నూటికి తొంభై అయిదు మందికి పైగా బడిలో ఉన్నారు. 1960ల చివర్లో మాధ్యమిక పాఠశాల ప్రవేశ పరీక్ష ఎత్తేసి ఆ తలుపూ అందరికీ తెరిచారు. 1973లో ఉక్కు, ఓడలు, యంత్రాలు, రసాయనాల వైపు పెద్ద ఎత్తున అడుగు వేసినప్పుడు కదా సాంకేతిక ఉన్నత పాఠశాలలు విరివిగా వచ్చింది! వాటిలో చేరిన పిల్లలకు అప్పటికే చదవడం, లెక్క కట్టడం వచ్చు. 1977లో అంతర్జాతీయ నైపుణ్య పోటీల్లో కొరియా మొదటి స్థానంలో నిలిచింది. గెలిచి వచ్చిన కుర్రాళ్లను వీధుల్లో ఊరేగించారు. ఆ ఊరేగింపులో ఉన్న లేతు పనివాడు 1960ల బడిపిల్లవాడే.

మనం ఆ వరస తిరగేశాం. మన రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో, అంటే 1960 నాటికి, అందించాలని చెప్పింది. అది చట్టబద్ధమైన హక్కుగా అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. మధ్యలో యాభై ఏళ్లు పోయాయి. ఈలోపు 1950లోనే క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం, 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ, 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చాయి. వాటిలో ఒక్కటీ అనవసరమైంది కాదు. నేనే ఆ పథకం బిడ్డను. కానీ పై అంతస్తులు కట్టుకుంటూ పోయాం, కింది గదుల్లో నేల మాత్రం పరచలేదు.

పిల్లలు బడికి రావడం ఒకటి, వచ్చి నేర్చుకోవడం ఇంకొకటి. ఎరిక్ హనుషెక్, లుడ్‌గర్ వోస్‌మాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఎన్నో దేశాల లెక్కలు దగ్గర పెట్టుకుని చూశారు. దేశం ఎదుగుదలతో ముడిపడి ఉన్నది పిల్లలు బడిలో గడిపిన సంవత్సరాలు కాదు, అక్కడ వాళ్లకు నిజంగా పట్టుబడిన లెక్కలు, సైన్సు అని వాళ్లు తేల్చారు. మన సంగతి తెలుసుకునే అవకాశం ఒకసారి వచ్చింది. పదిహేనేళ్ల పిల్లలకు ప్రపంచమంతటా పెట్టే పీసా పరీక్షలో 2009 విడతకు మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నాయి. పాల్గొన్న డెబ్బై నాలుగు దేశాలు, ప్రాంతాల్లో చివరి వరసలో నిలిచాయి. ఆ ప్రశ్నలు మన పరిస్థితులకు తగినవి కావని మన ప్రభుత్వంవాళ్లు అన్నారు. ఆ తర్వాత 2012లో, 2015లో, 2018లో, 2022లో మనం పరీక్షకు కూర్చోలేదు. పిల్లవాడికి జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరు దాచేస్తే జ్వరం తగ్గదు కదా. నాకు ఇది నిజంగా కష్టం కలిగించిన విషయం. వెనకబడినందుకు కాదు, మళ్లీ చూసుకోనందుకు.

జర్మనీవాళ్లు ఏం చేశారో చెబుతాను. అక్కడ బడి ముగించి వృత్తి నేర్చుకోవాలనుకునే పిల్లవాడు ఏదో ఒక సంస్థతో శిక్షణ ఒప్పందం రాసుకుని, వారంలో మూడు నాలుగు రోజులు పనిలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో గడుపుతాడు. మ్యూనిక్‌లో 1895 నుంచి విద్యాధికారిగా పనిచేసిన కెర్షెన్‌స్టైనర్ ఆ వృత్తి పాఠశాలలకు ఒక రూపం ఇచ్చాడు. ప్రపంచమంతా ఆ పద్ధతిని మెచ్చుకుంటుంది. అలాంటి దేశానికి 2001 డిసెంబరులో పీసా ఫలితాలు వచ్చి పిడుగులా పడ్డాయి. వాళ్ల పదిహేనేళ్ల పిల్లల్లో నాలుగో వంతుకు దగ్గరగా చదివింది సరిగ్గా అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నారు. అంత గొప్ప శిక్షణ వ్యవస్థ కూడా ఆ పిల్లల్ని నేరుగా తీసుకోలేకపోయింది. వాళ్లకోసం ముందస్తు కోర్సులు, ఏడాది ఏడాదిన్నర ఎదురుచూపులు. జర్మన్లు ఆ ఫలితాన్ని దాచలేదు. పత్రికలు రాశాయి, పార్లమెంటులో మాట్లాడారు, పూర్తిరోజు బడులు పెంచారు, అన్ని రాష్ట్రాలకు కలిపి ఒకే ప్రమాణాలు రాసుకున్నారు. శిక్షణ ఎంత గొప్పదైనా, కింద బడి గట్టిగా లేకపోతే అది ఆగిపోతుందని నేను జర్మనీ నుంచి నేర్చుకున్నాను.

ఇప్పుడు మన ఇంటి సంగతి. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి ఉత్తీర్ణత ఎనభై, తొంభై శాతం చుట్టూ తిరుగుతోంది. ఫలితాలు వచ్చిన రోజు మనం చదివేది ఆ ఒక్క అంకె. ఏ జిల్లా మొదటిది, ఏ జిల్లా చివరిది అన్నదే వార్త. ఆ పాసైనవాళ్లలో భాగహారం వచ్చినవాళ్లెందరో ఎవరూ అడగరు. పాసైన పిల్లవాడు మన దగ్గర ట్రేడులో చేరిన రోజున ఆ ప్రశ్న మాస్టార్లు అడగాల్సి వస్తుంది. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. మూడో తరగతి పాఠం మళ్లీ మొదలుపెట్టాలంటే వాడికి ఎంత సిగ్గేస్తుందో, వాడి మనసు నొప్పించకుండా చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

తల్లిదండ్రులు ఈ లోపం పసిగట్టలేదని కాదు. అందుకే అప్పుచేసి ప్రైవేటు బడికి పంపుతున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి పంపారు, నాలుగేళ్లు గమనించారు. తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ సర్కారు బడి పిల్లలకూ తేడా రాలేదు. బడి మారినా, యూనిఫాం మారినా, పాఠం చెప్పే పద్ధతి అదే. క్లాసు పుస్తకం ముందుకు పోతుంది, వెనకబడిన పిల్లవాడు వెనకే ఉండిపోతాడు.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో, పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేదింటి పిల్లలు, తమ వంశంలో కాలేజీ మెట్టు ఎక్కని ఇళ్ల పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. వాళ్లలో వేలమంది హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో నిలదొక్కుకున్నారు. ఆ మేలు నేను మరచిపోను. కానీ ఒకదశలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. సీట్లు నిండక మూతపడ్డవి ఎన్నో. ఆ పరుగులో ఒక మాట ఊరూరా స్థిరపడిపోయింది. చదువొచ్చినవాడు ఇంజనీరింగ్, రానివాడు ఐటీఐ. ఆ మాటతో రెండు వైపులా నష్టపోయాం. చదువొచ్చినవాళ్లు చేతికి మసి అంటని డిగ్రీతో బయటికొచ్చారు. చదువు రానివాళ్ల దగ్గర యంత్రం పెట్టి, దాన్ని నడిపించమన్నాం. నిజానికి ఖచ్చితమైన లెక్క ఎక్కువ కావాల్సింది లేతు దగ్గర నిలబడ్డవాడికే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డులో ఒక పూట నిలబడి చూడండి. బడి వదిలేసి పన్నెండేళ్లకే సుత్తి పట్టినవాళ్లు ఇనపరేకును కంటితో కొలిచి వంచుతారు. వాళ్ల తెలివికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఆ తెలివికి డ్రాయింగు చదవడం తోడైతే వాళ్లు ఎక్కడ ఉండేవాళ్లో అనిపిస్తుంది.

ఈ విభజన పాతది. మన సమాజంలో అక్షరం ఉన్నవాళ్లు పనిముట్టు పట్టలేదు, పనిముట్టు పట్టినవాళ్లకు అక్షరం ఇవ్వలేదు. కమ్మరి, వడ్రంగి, కంచరి ఇళ్లలో పనితనం తండ్రి నుంచి కొడుక్కు వెళ్లింది, పుస్తకంలోకి ఎక్కలేదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ, ఆ తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ, ఈ గోడ పడగొట్టాలనుకున్నారు. చేతిపని ద్వారానే లెక్కలు, భాష, సైన్సు చెప్పాలన్నారు. అది చాలాచోట్ల నూలు వడికే తకిలీ తిప్పడంగా మిగిలిపోయింది. తకిలీ మీద దారం పొడవు లెక్క కట్టించిన బడులు కొన్నే. 1986 విద్యావిధానం ఇంటర్ స్థాయిలో 1995 నాటికి 25 శాతం పిల్లలు వృత్తి కోర్సుల్లో ఉండాలంది. ఆ గమ్యం చేరలేదు. 2020 విధానం 2025 నాటికి కనీసం 50 శాతం పిల్లలకు వృత్తి విద్య పరిచయం కావాలంది. అదే పత్రంలో ఇంకో మాట ఉంది, నాకు అది ముఖ్యం. ప్రాథమిక స్థాయిలో అయిదు కోట్ల మందికి పైగా పిల్లలకు చదవడం, లెక్కించడం రాలేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ముందు ఆ పని కాకపోతే మిగతా విధానమంతా వాళ్లకు పనికిరాదని కూడా రాసింది. 2021లో ఆ పని కోసమే నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలైంది. అసర్ లెక్కల ప్రకారం పల్లెల్లో, 2022 నుంచి 2024కి మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 20.5 నుంచి 27.1 శాతానికి పెరిగారు. కోవిడ్ దెబ్బ నుంచి కోలుకోవడం అందులో కొంత ఉంది. అయినా ఇది మంచి కబురే. పని చేస్తే ఫలితం వస్తుందని చెబుతోంది.

బడి ఒక్కదాని మీదే నేరం మోపను. యజమానులతో కూడా ఒక మాట చెప్పాలి. పనివాళ్లు లేరంటారు. వచ్చిన పనివాడికి హెల్పరు జీతమే ఇస్తారు. నేను అప్రెంటిస్‌గా చేరిన ఒక కర్మాగారంలో మొదటి నాలుగు నెలలు స్క్రాపు మోశాను, టీ తెచ్చాను. లేతు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. పనితనానికి విలువ కట్టని చోట తండ్రి తన కొడుకును ఆ దారిలో ఎందుకు పంపుతాడు?

పనికి విలువ కట్టే చోటికి వెళ్లినా చదువు లోటు వెంటాడుతుంది. జగిత్యాల వైపు నుంచి దుబాయ్ వెళ్లి పదేళ్లు పనిచేసి వచ్చిన ఒక తాపీమేస్త్రితో మాట్లాడాను. 1983 వలస చట్టం కింద పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్ పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది. పాసైనవాళ్లకు అక్కర్లేదు. ఆ తనిఖీ పెట్టింది కష్టజీవుల్ని మోసాల నుంచి కాపాడటానికే. ఆయన ఆ తనిఖీ పాస్‌పోర్టుతోనే వెళ్లాడు. ఆయనతో పాటు అదే ఊరి కుర్రాడు పదో తరగతి కాగితంతో తనిఖీ లేకుండా వెళ్లాడు. అక్కడ సైటు మీద ఫోర్‌మన్ డ్రాయింగు పరిచి, ఈ గోడ ఎక్కడ మొదలవుతుందో చూపించమన్నాడు. ఇద్దరూ చూపించలేకపోయారు. మేస్త్రికి గోడ కట్టడం వచ్చు, కుర్రాడికి అదీ రాదు. ఇద్దరికీ హెల్పరు కూలే ఇచ్చారు. "డ్రాయింగు తెలిసినోళ్లకి మాకు రెట్టింపు ఇచ్చిండ్రు సారూ" అన్నాడాయన. ఆ రెట్టింపు ఇంటికి చేరి ఉంటే పదేళ్లలో ఏమయ్యేదో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. వడ్డీ అప్పు తీరేది, రెండెకరాలు వచ్చేది, చిన్నకూతురి చదువు ఆగేది కాదు.

మాస్టారి పేరు మీద పాత విద్యార్థులు పోగుచేసిన నిధితో ఏం చెయ్యాలని నిర్వాహకులు నన్నడిగారు. బహుమతులు, విగ్రహం అనే మాటలు వచ్చాయి. నేను వేరే మాట చెప్పాను. వాళ్లు ఒప్పుకున్నారు. చేరిన ప్రతి పిల్లవాడికీ మొదటి వారంలోనే చదవడంలో, లెక్కల్లో ఎక్కడున్నాడో చూస్తాం. మార్కుల కోసం కాదు, ఏ గీత దగ్గర మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో లాంటి ఆర్థికవేత్తలు ప్రథమ్‌తో కలిసి ఏళ్లపాటు పరీక్షించి చూపించిన పద్ధతే ఇది. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టి, అక్కణ్ణుంచి చెప్పడం. మాస్టారికి వాళ్ల పేర్లు తెలియవు గానీ పద్ధతి తెలుసు. పక్కనే ఉన్న ప్రాథమిక బడి హెడ్మాస్టరుగారితో కూడా మాట్లాడాం. ప్రతి శనివారం మధ్యాహ్నం నాలుగూ అయిదూ తరగతుల పిల్లల్ని మన షాపుకు తీసుకొస్తారు. స్కేలు, మూలమట్టం, తూకపు గుండు పట్టుకుని వాళ్లు తమ బడి బల్లలు తామే కొలుస్తారు. కాలు ఊగే బల్ల ఉంటే మన పిల్లలు దగ్గరుండి బాగుచేయిస్తారు. పాఠం చెప్పడానికి రిటైరైన ఇద్దరు టీచరమ్మలు ముందుకొచ్చారు. నేనూ వస్తాను.

ఈ ఏడే ట్రేడుల్లో చేరి వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు ఒక మాట. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు షాపు మూశాక, ఫిట్టింగు బెంచీల దగ్గర మొదలుపెడతాం. ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, నేను కూర్చున్నదీ అక్కడే. నోటుపుస్తకం, పెన్సిలు చాలు. స్కేలు తెచ్చుకోవద్దు. మొదటిరోజు మీ అందరి చేతుల్లోకీ వరసగా ఇదే ఇస్తాను.